రంగు ఊడిన పన్నెండు డబ్బాలు

పొద్దున్నే ఆరున్నరకి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. కింద ఒక్కటే లైను: ‘చెల్లెమ్మా, ఇదేంటమ్మా ఇలా అయింది?’

ఫొటోలో ఉన్నది నేను చేసిన డబ్బా. దాని మీద నేను వేసిన నల్లరంగు ఉడికిన చిలగడదుంప తొక్కలా లేచిపోయి ఉంది. మూత ఒక మూల వంగిపోయింది కూడా. నోట్లో బ్రష్షుతో అలాగే నిలబడిపోయా. ఎందుకంటే అలాంటివి మొత్తం పన్నెండు పంపించా. అన్నిటికీ ఒకే సాయంత్రం, ఒకేలా రంగు కొట్టా. అంటే మిగతా పదకొండూ అదే దారిలో ఉన్నాయన్నమాట.

మాది ధవళేశ్వరం. హైదరాబాద్‌లో రెండేళ్లు డిజైన్ ఉద్యోగం చేశాక, నాన్నకి ఒంట్లో బాగోక ఇంటికి వచ్చేశా. దాచుకున్న డబ్బుల్తో ఒక 3డి ప్రింటర్ కొన్నా. మేడ మీద గదే నా వర్క్‌షాపు. ‘‘ఆ బొమ్మల మెషీన్ ఏం సంపాదిస్తుందే?’’ అని నాన్న వారానికోసారి అడిగేవాడు. జవాబు దొరికిందనుకున్న మొదటి పని ఈ డబ్బాలే.

ఇంజినీరింగ్‌లో నాతో చదివిన ఫ్రెండ్ ఒకడు రొయ్యల చెరువుల కోసం చిన్న అలారం తయారు చేశాడు. రాత్రిపూట కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోతే రైతు ఫోన్ మోగుతుంది. ఏరియేటర్ ఆగడమంటే ఏంటో రొయ్యలు పెంచేవాళ్లనడగండి, చెప్తారు. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి చెరువు ఖాళీ. లక్షల మాట. సర్క్యూట్ వాడిది. దాన్ని ఎండకీ, వానకీ, ఉప్పుగాలికీ కాపాడాల్సిన డబ్బా నాది. డబ్బాలోకి నీళ్లు దూరితే అలారం మోగదు. అలారం మోగకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మరి అచ్చు పోయించవచ్చుగా అంటారేమో. ఇంజెక్షన్ మౌల్డ్ చేయించాలంటే లక్షలవుతుంది. పన్నెండు డబ్బాలకి ఎవరూ ఆ పని చెయ్యరు. ముందు ప్రింట్ తీసి, వాడి చూసి, తప్పులు దిద్దుకుని, ఆ తర్వాతే అచ్చు. ఈ ముందు ముక్కలే ప్రోటోటైప్‌లు. రాజోలు వైపు ఒక రైతు మా మాట నమ్మి పన్నెండూ తీసుకున్నారు. ఇవి నిలబడితే ఇంకో నలభై ఇస్తానన్నారు.

నిలబడలేదు.

ఒక్క సాయంత్రంలో అయిపోయిన పని

ఏం చేశానో దాచకుండా చెప్తా. 3డి ప్రింటర్ ప్లాస్టిక్ తీగని కరిగించి పొర మీద పొర వేస్తుంది. అందుకే ముక్క మీద వేలు పెడితే సన్నటి గీతలు తగులుతాయి. ‘‘ఇది పిల్లల బొమ్మలా ఉందండీ’’ అన్నారు రైతు మొదటి శాంపిల్ చూసి. సరే, రంగేస్తే ఫ్యాక్టరీ ముక్కలా కనిపిస్తుందని రాజమండ్రి వెళ్లి నాలుగు నల్ల స్ప్రే డబ్బాలు కొనుక్కొచ్చా.

అది ఆగస్టు. గోదావరి పోటెత్తి ఉంది. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ రోజుల్లో అదీ ఇచ్చేశారు. గాలంతా తేమే. ఆరేసిన బట్టలు రెండు రోజులైనా ఆరట్లేదు. అలాంటి సాయంత్రం మేడ మీద పేపర్లు పరిచి, డబ్బాల్ని తువ్వాలుతో తుడిచి, బుస్సుమని కొట్టేశా. గీకలేదు. ప్రైమర్ వెయ్యలేదు. పది నిమిషాల్లో రంగు మీద తెల్లగా బూజు పట్టినట్టు వచ్చింది. కంగారుపడి దాని మీద ఇంకో మందపాటి కోటింగ్ కొట్టా. తెలుపు పోయింది. హమ్మయ్య అనుకున్నా. మర్నాడు మధ్యాహ్నానికి పార్సిల్ చేసేశా.

మూడు వారాల్లో ఆ ఫొటో వచ్చింది.

ఆ తెలుపేంటో తర్వాత తెలిసింది. స్ప్రే రంగులోని థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ముక్క పైభాగం చల్లబడుతుంది. చల్లటి కూల్‌డ్రింక్ సీసాకి బయట చెమట పడుతుందే, అలాగే గాల్లోని తేమ తడి రంగు మీద దిగుతుంది. నేను దాని మీద ఇంకో పొర వేసి, ఆ తడిని లోపలే మూసేశా.

వెనక్కి తిప్పి చూశారు

‘‘యూట్యూబ్ చూసింది చాలు గానీ, పద’’ అని నాన్నే నన్ను రాజమండ్రి రోడ్డులో ఉన్న ఒక టింకరింగ్ షెడ్డుకి తీసుకెళ్లాడు. అక్కడ ఒక పెద్దాయన కార్లకి, ఆటోలకి రంగులేస్తారు. నలభై ఏళ్ల చెయ్యి. నాన్న వరసలో నాకు బాబాయ్ అయ్యారు.

ఊడిన డబ్బా ఇచ్చా. ఆయన డబ్బా వంక చూడలేదు. వేలాడుతున్న రంగు పొరని గోటితో ఊడబెరికి, వెనక్కి తిప్పి, వెలుతురులో పెట్టి చూశారు.

‘‘చూడమ్మా, వెనకాల అద్దంలా ఉంది. నీ ప్లాస్టిక్ మీద గీతలు కూడా దీని మీద అచ్చు పడ్డాయి. కానీ ప్లాస్టిక్ పొడి ఒక్క రవ్వ కూడా రాలేదు. అంటే ఇది పట్టుకోనేలేదు. ఊరికే పైన పడుకుంది.’’

ఊడిన రంగుని ముందు వైపు కాదు, వెనక వైపు చూడాలని ఆ రోజే తెలిసింది. వెనక శుభ్రంగా ఉంటే అసలు అతుక్కోలేదని. వెనకా, ముక్క మీదా రెండు చోట్లా ప్రైమర్ పొడి ఉంటే ప్రైమరే బలహీనమని. కింద పొర బాగానే ఉండి పై రంగు మాత్రం లేస్తే రెండింటికీ పడలేదని. తప్పు ఎక్కడ జరిగిందో రంగే చెప్తుంది.

‘‘చిన్నప్పుడు బ్యారేజీ గేట్లకి రంగేసే పనికి కూలీగా వెళ్లా’’ అన్నారు బాబాయ్. ‘‘రంగు కొట్టేది ఒక పూట. తుప్పు గోకేది రోజుల తరబడి. రోడ్డు మీద పోయేవాళ్లకి రంగే కనపడుద్ది. గోకింది ఎవరికి కనపడుద్ది?’’

ధవళేశ్వరంలో పుట్టి పెరిగినదాన్ని. ఆ 175 గేట్ల పక్కనుంచి బస్సులో ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. వాటికి రంగుందని ఎప్పుడూ ఆలోచించలేదు. నీళ్లలో నానుతూ, ఎండలో మాడుతూ ఉండే ఇనుముకి రంగంటే సోకు కాదు, చర్మం.

ఇంకో మాట కూడా అన్నారాయన. ‘‘మూత వంగింది చూశావా? అది రంగు తప్పు కాదు. నీ ప్లాస్టిక్ తప్పు.’’

నిజమే. నేను వాడింది పీఎల్‌ఏ. ప్రింట్ చెయ్యడానికి తేలిక, ధర తక్కువ. కానీ 60 డిగ్రీల దగ్గర మెత్తబడిపోతుంది. బయట గాలి 35 డిగ్రీలే ఉన్నా, ఎండలో ఉన్న నల్లటి మూత 60 దాటడం పెద్ద విషయం కాదు. అంటే నేను మెత్తటి ప్లాస్టిక్‌కి, ఎండని తాగే రంగేసి, చెరువుగట్టు మీద నిలబెట్టా. రంగు ఎంచుకోవడం షాపులో మొదలవదు. ముక్క దేంతో చేశాం, అది ఎక్కడ బతకాలి అన్న దగ్గరే మొదలవుతుంది.

పది రోజుల బడి

ఆ రైతుకి ఫోన్ చేసి, పన్నెండూ వెనక్కి తెప్పించుకుని, ఉచితంగా మళ్లీ చేసిస్తానని చెప్పా. ‘‘నెల రోజులు చూస్తానమ్మా’’ అన్నారాయన. అంతే. తిట్టలేదు. తిడితేనే బాగుండేది.

తర్వాత పది రోజులు సాయంత్రం పూట షెడ్డుకి వెళ్లా. అక్కడ నేర్చుకున్నది మీలో ప్రింటర్ ఉన్నవాళ్లకి, కొనాలనుకుంటున్నవాళ్లకి పనికొస్తుంది.

మొదట గీకుడు. 180 నంబరు పేపరుతో పొరల గీతలు తగ్గించాలి, తర్వాత 240, తర్వాత 400 నీళ్ల పేపరు. పీఎల్‌ఏని పొడిగా గట్టిగా రుద్దితే ఆ వేడికే జిగటయిపోతుంది. నీళ్లతో నెమ్మదిగా రుద్దాలి. ఎక్కడైనా లోతు గుంటలుంటే పల్చగా లప్పం. ఆ తర్వాత మందపాటి సర్ఫేసర్ ప్రైమర్.

ఇక్కడ బాబాయ్ ఒక కిటుకు చూపించారు. ప్రైమర్ ఆరాక దూరం నుంచి నల్లరంగుని మంచు పడ్డట్టు పల్చగా చల్లారు. ‘‘ఇప్పుడు రుద్దు’’ అన్నారు. రుద్దితే ఎత్తుగా ఉన్నచోట నలుపు పోయింది. గుంటల్లో మిగిలిపోయింది. కంటికి కనపడని పల్లాలన్నీ నల్లచుక్కల్లా బయటపడ్డాయి. నలుపు మొత్తం పోయేదాకా రుద్దితే ముక్క సమంగా వచ్చినట్టు. దీన్నే గైడ్ కోట్ అంటారు.

తర్వాత శుభ్రం. నేను తువ్వాలుతో తుడిచానని చెప్తే ఆయన నా చేతుల వైపు చూశారు. ‘‘తలకి నూనె రాసుకుంటావా?’’ నవ్వొచ్చింది గానీ, అదే నిజం. వేలి జిడ్డు చాలు, అక్కడ రంగు పట్టదు. కడిగి, ఆరబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆ తర్వాత చేత్తో ముట్టుకోకూడదు.

రంగు పల్చగా మూడుసార్లు వెయ్యాలి, మందంగా ఒకసారి కాదు. ఒక్కో పొరకీ మధ్య థిన్నర్ ఎగిరిపోవడానికి టైమివ్వాలి. వానపట్టు రోజున కొట్టకూడదు. ఎనామిల్ మీద డూకో కొట్టకూడదు, కొడితే కింద రంగు ఉడికినట్టు ముడతలు పడుతుంది. ముక్కకి పదునైన అంచులుండకూడదు. తడి రంగు అంచు మీద నిలవదు, రెండు వైపులకీ జారి అక్కడ పల్చబడుతుంది. ఊడటం అక్కడే మొదలవుతుంది. అది విన్న రాత్రే కంప్యూటర్‌లో డబ్బా అంచులన్నీ గుండ్రంగా మార్చేశా.

ఇంకో తప్పు నాకు నేనే కనిపెట్టా. ప్రైమరూ, రంగూ, పైన క్లియరూ కలిపి ఒక్కో వైపు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల మందం వస్తుంది. మూతకి అంత, గాడికి అంత. పద్ధతిగా రంగేసిన మొదటి డబ్బాకి మూత పట్టనే లేదు! రంగేసే ముక్కని గీసేటప్పుడే రంగుకీ చోటు వదలాలి. లేదంటే గాడికీ, స్క్రూ రంధ్రాలకీ టేపు అంటించి రంగు తగలకుండా చూడాలి.

అన్నీ అయ్యాక పరీక్ష. బ్లేడుతో 2 మిల్లీమీటర్ల ఎడంలో అటు ఆరు గీతలు, ఇటు ఆరు గీతలు గీస్తే 25 గళ్లు వస్తాయి. దాని మీద టేపు గట్టిగా అంటించి లాగాలి. ప్రపంచమంతా రంగుల పట్టుని ఇలాగే కొలుస్తారు, దీనికి ఐఎస్‌ఓ 2409 అని ఒక ప్రమాణమే ఉంది. ఒక్క గడీ ఊడకపోతే 0, ఘోరంగా ఊడితే 5. నా పాత డబ్బా మీద చేస్తే టేపుతో పాటు చుట్టుపక్కల రంగు కూడా వచ్చేసింది. కొత్త ముక్క మీద ఒక్క గడీ కదల్లేదు. ఆ టేపు ముక్క ఇప్పటికీ నా గోడకి అంటించి ఉంది.

డూకో, ఆ తర్వాత వచ్చింది

మనవాళ్లు కారు రంగుని ఇప్పటికీ డూకో అనే అంటారు. అది 1920ల్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన రంగు పేరు. అంతకుముందు కారుకి రంగు ఆరాలంటే రోజులు, వారాలు పట్టేది. డూకో గంటల్లో ఆరిపోయింది. జనరల్ మోటార్స్ కార్లు రంగురంగుల్లో రోడ్డెక్కింది దాంతోనే.

డూకోలాంటి లాకర్ రంగులు ఊరికే ఆరిపోతాయి. అంటే థిన్నర్ ఎగిరిపోయి రంగు మిగులుతుంది. మళ్లీ థిన్నర్ తగిలితే మళ్లీ కరుగుతాయి. నా స్ప్రే డబ్బాల రంగు కూడా ఆ జాతే. ఇప్పుడు షెడ్డుల్లో గట్టి పనికి వాడేది 2కె పీయూ. రంగు ఒక డబ్బాలో, హార్డెనర్ ఇంకో డబ్బాలో వస్తాయి. డబ్బా మీద రాసిన కొలత ప్రకారం కలిపితే రెండూ రసాయనికంగా ముడిపడి ఒకే వలలా గట్టిపడతాయి. ఆ తర్వాత థిన్నర్ గుడ్డతో రుద్దినా మామూలుగా చేతికి రంగంటదు. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ పూర్తి గట్టిదనం రావడానికి దాదాపు వారం పడుతుంది. పెద్ద వర్క్‌షాపుల్లో కారుని 60 డిగ్రీల వేడి గదిలో పెట్టి తొందరగా ఆరబెడతారు. నా పీఎల్‌ఏ డబ్బాని అందులో పెడితే అప్పడమే.

ఎంపిక ఇంతే. షోకేసులో పెట్టే మోడల్‌కి మామూలు యాక్రిలిక్ స్ప్రే చాలు. చేతుల్లో నలిగే వస్తువుకి పైన 2కె క్లియర్ ఉంటే మంచిది. ఎండావానల్లో ఉండేదానికి గట్టి ప్లాస్టిక్, దాని మీద ప్రైమర్, ఆ పైన 2కె. నేను వెంటనే పన్నెండుకీ 2కె అని తేల్చేశా.

దగ్గు

అప్పుడే బాబాయ్ దగ్గు వినపడటం మొదలైంది. అంతకుముందూ ఉంది. నేను వినలేదు.

ఆయన స్ప్రే గన్ పట్టుకున్నప్పుడు ముక్కుకి తువ్వాలు కట్టుకుంటారు. రాత్రిళ్లు ఆయాసం వస్తుందని, పడుకుంటే ఊపిరాడదని, ‘‘గోదారి తేమ పడట్లేదమ్మా’’ అని చెప్పారు. ఇంటికొచ్చి హార్డెనర్ డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉన్నది ఫోన్‌లో జూమ్ చేసి చదివా. ఐసోసయనేట్.

రంగుల పని చేసేవాళ్లకి ఆస్తమా తెచ్చే కారణాల్లో ఇది ప్రపంచమంతటా పేరుమోసింది. హాని చేసే మోతాదులో ఉన్నా ముక్కుకి వాసన తెలియకపోవచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే, ఆ తర్వాత కాస్త తగిలినా ఆయాసం వస్తుంది. తువ్వాలు గానీ, కరోనా నాటి మాస్కులు గానీ ఆ ఆవిరిని ఆపవు. మంచి పద్ధతంటే, గాలి బయటికి లాగే గదిలో, పైపు ద్వారా శుభ్రమైన గాలి అందించే మాస్కు వేసుకుని కొట్టడం. ఆయన దగ్గుకి అదే కారణమని నేను చెప్పలేను, అది డాక్టర్ చెప్పాలి. కానీ నా పన్నెండు డబ్బాలు మన్నాలని ఎవరి ఊపిరి అడుగుతున్నానో అర్థమైంది.

మర్నాడు చెప్పా. ఆయన నవ్వారు. ‘‘ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడేం చేస్తాం?’’ అన్నారు. పక్కనున్న కుర్రాడు మాత్రం నవ్వలేదు. వాడికి ఇరవై ఉంటాయేమో. వాడి ముక్కుకీ తువ్వాలే.

కాసేపాగి బాబాయే అడిగారు. ‘‘అమ్మాయ్, అసలు ఈ డబ్బా మొత్తానికి రంగెందుకు? ప్లాస్టిక్కే రంగుది దొరకదా?’’

రంగేసి బతికే మనిషి ఆ మాటన్నారు. నా దగ్గర జవాబు లేదు.

దొరుకుతుంది. ఏఎస్‌ఏ అని ఒక ప్లాస్టిక్ ఉంది. ఎండకి తట్టుకోవడానికే పుట్టింది, 100 డిగ్రీల దాకా మెత్తబడదు. ప్రింట్ చెయ్యడం కష్టం. గాలి తగిలితే మూలలు లేచిపోతాయి, ప్రింటర్ చుట్టూ పెట్టె కట్టాలి, వాసన బయటికి పోయే దారి చూడాలి. అందుకే ఇన్నాళ్లూ దాని జోలికి పోలేదు. నా బద్ధకానికి రంగుతో ముసుగేద్దామనుకున్నా.

పన్నెండు డబ్బాలూ లేత బూడిదరంగు ఏఎస్‌ఏతో మళ్లీ తీశా. డబ్బా ఒంటికి రంగు లేదు. రైతు కంటికి కనిపించే మూత పైభాగానికి మాత్రం గీకి, ప్రైమర్ వేసి, తెల్ల 2కె. నలుపు కాదు. ఆరుబయట, గాలి పారేచోట, డాక్టర్‌కి చూపించుకునేదాకా గన్ పట్టుకోవద్దని బాబాయ్‌ని ఒప్పించి, ఆ కుర్రాడూ నేనూ కార్ట్రిడ్జ్ మాస్కులు పెట్టుకుని ఒక పొడి మధ్యాహ్నం అరగంటలో కొట్టేశాం. ఇదే మంచి పద్ధతని చెప్పను. పైపు మాస్కు కొనే స్తోమత వచ్చేదాకా అంతకంటే ఎక్కువ కొట్టకూడదని మాత్రం పెట్టుకున్నా.

ఒక వేసవి గడిచింది. మొన్న చెరువుల దగ్గరికి వెళ్లి పన్నెండూ చూశా. పదకొండు బాగున్నాయి. ఒకదానికి స్క్రూ పక్కన గోరంత రంగు లేచింది. గోటితో తీసి, వెనక్కి తిప్పి చూశా. అద్దంలా ఉంది. అక్కడ టేపు తీసేటప్పుడు నా వేలు తగిలి ఉంటుంది. నలభై డబ్బాల ఆర్డర్ వచ్చింది, ఇరవై ఇచ్చేశా. నాన్న ఇప్పుడు ‘బొమ్మల మెషీన్’ అనడం లేదు, ‘మా అమ్మాయి మెషీన్’ అంటున్నాడు.

బాబాయ్ డాక్టర్‌కి చూపించుకున్నారు. ఇన్‌హేలర్ వాడుతున్నారు. గన్ ఆ కుర్రాడికి అప్పగించి, తను గీకుడూ, లప్పం పనీ చూసుకుంటున్నారు. ‘‘అసలు పని అదేగా’’ అంటారు. షెడ్డుకి గాలి లాగే ఫ్యాను బిగించాలని, దానికి ఒక క్లాంపు ప్రింట్ చేసి పెట్టమని పోయిన వారం ఫోన్ చేశారు.

‘‘రంగెయ్యాలా బాబాయ్?’’ అనడిగా.

‘‘వద్దులేమ్మా’’ అన్నారు.